చీమ పట్టిన బెల్లం

నేను ఒక పరీక్ష అట్టను. ఇప్పుడు అందరూ నన్ను బొమ్మ అంటున్నారు. అననీండి. నెత్తిమీద ఇనుప క్లిప్పు మాత్రం ఇంకా అలాగే ఉంది. ఎంత గొప్ప హోదా వచ్చినా పుట్టుమచ్చ పోదు కదా.

మాది రంపపు పొట్టు వంశం. ఎక్కడో ఒక కార్ఖానాలో పొట్టును ఉడకబెట్టి, రెండు ఇనుప పలకల మధ్య పెట్టి నొక్కితే పుట్టాను. ముందువైపు నున్నగా ఉంటాను, వెనకవైపు గరుగ్గా ఉంటాను. మనుషుల్లోనూ ఇలాంటివాళ్ళు ఉంటారని తరవాత తెలిసింది.

నా మొదటి యజమాని లోవకుమారి. అనకాపల్లిలో పదో తరగతి చదివేది. చదివేది అనడం మర్యాదకి. సాంఘిక శాస్త్రం పరీక్షకి ముందు రోజు ఆ పిల్ల వృత్తలేఖిని మొనతో నా వీపంతా తేదీలు చెక్కింది. ఏ యుద్ధం ఎప్పుడు, ఏ ఒప్పందం ఎప్పుడు, అన్నీ. నాకు దురద పెట్టింది, కానీ అట్టలు గోక్కోలేవు. మర్నాడు పరీక్ష హాల్లో ఉక్కపోస్తున్నట్టు నన్ను పట్టుకుని విసురుకుంది. ఒక్కో విసురుకి ఒక్కో తేదీ. ఫాన్ కిందే కూర్చుని అంతగా విసురుకుంటున్న పిల్లను చూసి, కాపలాకి వచ్చిన మాస్టారికి అనుమానం వచ్చింది.

ఆయనే కాండ్రేగుల జోగినాయుడు గారు, డ్రాయింగు మాస్టారు. పిల్లను పట్టివ్వలేదు. నన్ను లాక్కుని, తన అట్ట ఆమెకి ఇచ్చి, "ఇప్పుడు నీకు తెలిసింది రాయి" అన్నారు. ఆ పిల్ల తల వంచుకుని రాసింది. తెలిసింది కొంచెమే కాబట్టి తొందరగా అయిపోయింది.

వాళ్ళిద్దరికీ అంతకు ముందే ఒక పేచీ ఉంది. డ్రాయింగు తరగతిలో లోవకుమారి బాదం ఆకుకి ఎర్ర రంగు వేస్తే మాస్టారు రెండు మార్కులు కోశారు.

"ఆకు ఎర్రగా ఉంటుందా?"

"సాయంకాలం మా దొడ్లో అలాగే కనిపించిందండి."

"ఆకు సాయంకాలమైనా ఆకుపచ్చే."

చూసింది చూసినట్టు వేయాలన్నది మాస్టారి సూత్రం. ముప్పై రెండేళ్ళు ఆ ఒక్క సూత్రంతోనే బడి నడిపారు. ఆయన చేతిలో ఎన్ని నీలం ఆవులు, ఎన్ని గులాబీ ఏనుగులు రెండేసి మార్కులు పోగొట్టుకున్నాయో లెక్క లేదు.

అలా నేను మాస్టారింటికి వచ్చాను. వచ్చిన రోజే ఆయన భార్య వరహాలమ్మ గారు నన్ను అటూ ఇటూ తిప్పి చూసి, "బాగుంది, బెల్లం కుండకి సరిపోద్ది" అన్నారు. నన్ను కుండ మీద వెల్లకిలా పెట్టి, పైన సన్నికల్లు పొత్రం పెట్టారు. అంతే, పదకొండేళ్ళు నాది మూత ఉద్యోగం. నా వీపు బెల్లం వైపు, కాబట్టి తేదీలన్నీ తియ్యనైపోయాయి. చరిత్రను అంత తియ్యగా ఎవరూ చదివి ఉండరు.

వరహాలమ్మ బెల్లం బజారులో పుట్టి పెరిగిన మనిషి. దిమ్మను దూరం నుంచి చూసి, పాకం ఒక్క నిమిషం ఎక్కువైందో తక్కువైందో చెప్పేది. అలాంటి మనిషి ముందు మాస్టారు ప్రతి ఆదివారం నీళ్ళ రంగులతో బెల్లం దిమ్మ బొమ్మ వేసేవారు. ధైర్యం అనాలో, అమాయకత్వం అనాలో తెలియదు. వేసి చూపించేవారు. ఆవిడ తల ఒక పక్కకి వంచేది.

"రంగుంది గానీ రుచి లేదండీ."

"బొమ్మకి రుచేమిటి?"

"చీమ పట్టని బెల్లం బెల్లమేటండీ? మీ బొమ్మకి ఒక్క చీమ రానీండి, ఆ రోజు పదికి పది వేస్తాను."

"చీమలకి చిత్రకళ తెలీదు."

"తెలీకపోబట్టే వాటికి మొగమాటం లేదు."

మాస్టారికి కోపం వచ్చేది. వచ్చే ఆదివారం మళ్ళీ బెల్లమే వేసేవారు.

ఆయన రిటైరైనప్పుడు తోటి టీచర్లు ఒక నూనె రంగుల పెట్టె బహుమతిగా ఇచ్చారు. పన్నెండు గొట్టాలు, పడుకోబెట్టిన పసిపిల్లల్లా. "తీసి వేయండి" అంది వరహాలమ్మ. "ఒక మంచి రోజు చూసి తీస్తాను" అన్నారాయన. నాలుగేళ్ళు గడిచాయి. ఆయనకి ఏ రోజూ అంత మంచిగా కనిపించలేదు.

పోయిన వానాకాలంలో, మూడు రోజుల జ్వరంతో, వరహాలమ్మ వెళ్ళిపోయింది. ఈ మాటను ఇంతకన్నా పొడుగ్గా చెప్పడం నాకు చేతకాదు.

ఆ తరవాత ఇంటి పెత్తనం మాస్టారి అప్ప సన్యాసమ్మ చేతికి వచ్చింది. పేరుకే సన్యాసమ్మ. ఆవిడ వదులుకున్నది ఈ భూమ్మీద ఏదీ లేదు, తమ్ముణ్ణి తిట్టే హక్కుతో సహా. మాస్టారికి చక్కెర వ్యాధి ఉంది. అందుకని ఆవిడ వచ్చిన మొదటి రోజే బెల్లం కుండను ఖాళీ చేసి, కడిగి, బోర్లించింది. రెండో రోజు చీమల సుద్ద కొని తెచ్చింది. గుమ్మాల దగ్గర, గోడల వెంట, బల్ల కాళ్ళ చుట్టూ, బియ్యం డబ్బా చుట్టూ తెల్లటి గీతలు గీసింది. డ్రాయింగు మాస్టారింట్లో రోజూ గీతలు గీసే మనిషి ఆవిడ ఒక్కతే అయింది. ఆయన కుంచె ముట్టి పది నెలలు దాటింది.

సంవత్సరీకం ఇంకో మూడు వారాలు ఉందనగా, ఒక ఉదయం మాస్టారు నూనె రంగుల పెట్టె తెరిచారు. అంత మంచి రోజేం కాదు, మామూలు మంగళవారం. నన్ను తీసి, కడిగి, ముఖం మీద గరుకు కాగితంతో రుద్ది, తెల్ల పూత పూశారు. పెళ్ళికొడుకుని చేస్తున్నారేమో అనుకున్నాను.

"అప్పా, కొంచెం బెల్లం తెప్పించాలి" అన్నారు.

"ఎవులికి?"

"బొమ్మకి."

"బొమ్మకి నోరుందేటి?"

"లేదు."

"నీకుందిరా."

అప్పుడు మాస్టారు కారణం చెప్పారు. సంవత్సరీకం నాటికి వరహాలు ఫోటో ముందు ఒక బెల్లం బొమ్మ పెట్టాలని. ఆవిడ ఒప్పుకునే బెల్లం, ఒక్క చీమైనా వచ్చే బెల్లం. బ్రతికి ఉండగా వేయలేకపోయానని. చివరి మాట ఆయన పూర్తిగా అనలేదు. సన్యాసమ్మ కొంగున ముడేసిన డబ్బులు విప్పింది. ఆవిడ జీవితంలో అది అరుదైన సంఘటన. సాయంత్రానికి అరచేతి మందం బెల్లం దిమ్మ వచ్చింది.

ఫోటో కింద ఉన్న చిన్న బల్ల మీద దాన్ని పెట్టారు. పక్కన ఒక వంకాయ, ఒక స్టీలు గ్లాసు. బల్ల నాలుగు కాళ్ళ చుట్టూ సన్యాసమ్మ చీమల సుద్దతో గుండ్రాలు గీసింది. "అప్పా, చీమలు రావాలనే కదా" అన్నారు మాస్టారు. "బొమ్మకి రావాలి గానీ బెల్లానికి కాదు గదా. బొమ్మ ఎయ్యి ముందు" అంది.

మొదటి వారం చూసింది చూసినట్టు వేశారు. బెల్లానికి బెల్లం రంగు, నీడకి నలుపు కలిపిన బెల్లం రంగు. మూల మూల కొలిచి వేశారు. పాలు పోసే పెంటయ్య గుమ్మంలో నిలబడి చాలాసేపు చూశాడు.

"ఇటిక బాగా కాలింది మాస్టారూ. ఇల్లు కడతన్నారేటి?"

మాస్టారు ఆ రంగంతా కత్తితో గీకేశారు. మళ్ళీ వేశారు. ఈసారి ఇంకా జాగ్రత్తగా.

"సబ్బా అండీ?" అన్నాడు పెంటయ్య.

నా పరిస్థితి ఆలోచించండి. పొద్దున్న ఇటుకను, మధ్యాహ్నం శూన్యాన్ని, సాయంత్రం సబ్బును. బల్ల మీద సంగతి అంతకన్నా అధ్వాన్నం. వంకాయ రోజుకొకటి మారిపోయేది, ఎందుకంటే పదకొండు గంటలకల్లా సన్యాసమ్మ దాన్ని కూరకి తీసుకుపోయేది. సోమవారం పొడుగు వంకాయ వేస్తే, మంగళవారం దాని స్థానంలో గుండ్రం వంకాయ కూర్చునేది. గ్లాసును మజ్జిగకి తీసుకెళ్ళి కడగకుండా పెట్టేది. కానీ అన్నిటికన్నా విచిత్రం బెల్లం. అది రోజురోజుకీ చిన్నదవుతోంది.

ఎవరు తింటున్నారో నేను చూశాను. నేను ఆయనకి మూరెడు దూరంలోనే ఉన్నాను. ఒక కుంచె వేటు, ఒక బెల్లం పలుకు. కొత్త రంగు కలిపినప్పుడల్లా ఒకటి. ఆయన దొంగలా తినలేదు, ఆలోచిస్తూ తిన్నారు. చక్కెర వ్యాధి ఉన్నవాళ్ళు దీన్ని వేరే రకం తిండిగా లెక్కేస్తారని నాకు అర్థమైంది.

"నిన్న ఈపాటి ఉంది గదరా" అని సన్యాసమ్మ వేళ్ళతో కొలిచి చూపించింది.

"దూరం నుంచి చూస్తే చిన్నగా కనిపిస్తుందప్పా. దాన్ని పర్‌స్పెక్టివ్ అంటారు."

"ఒరే, దగ్గిరకొచ్చి సూత్తన్నాను."

మాస్టారు మాట మార్చడానికి టర్పెంటైన్ సీసా ఎత్తి చూపించారు. "ఇదీ తగ్గుతోంది మరి. సగం కూడా లేదు."

"ఎండకి ఆవిరైపోతాది" అంది సన్యాసమ్మ, చీర కుచ్చిళ్ళు మోకాళ్ళ మీదికి సర్దుకుంటూ. ఆ మోకాళ్ళ దగ్గర ఘాటుగా టర్పెంటైన్ వాసన వేస్తోంది. నొప్పులకి దాన్ని మించింది లేదని ఆవిడ పరిశోధనలో తేలింది. తమ్ముడు చిత్రకళతో తప్పించుకుంటే అక్క భౌతిక శాస్త్రంతో తప్పించుకుంది. ఆ ఇంట్లో చదువు ఎవరికీ తక్కువ కాదు.

సంవత్సరీకం నాలుగు రోజుల్లోకి వచ్చింది. ఆ ఉదయం మాస్టారు కుర్చీలో కూర్చుని బల్ల వైపు చూశారు. వంకాయ అప్పటికే కూరలో ఉంది. గ్లాసు పెంటయ్య చేతిలో ఉంది, మజ్జిగతో. బెల్లం దిమ్మ ఉండాల్సిన చోట ఉసిరికాయంత ముక్క మిగిలింది. గోధుమ రంగు గొట్టం చపాతీలా అణిగిపోయింది, ఎంత నొక్కినా ఏమీ రాలేదు. ఆయన ఆ ముక్కను తీసి, నోట్లో వేసుకున్నారు. ఇక బల్ల మీద చూడడానికి ఏమీ లేదు.

చూసింది చూసినట్టు వేసే మనిషికి చూడ్డానికి ఏమీ లేకపోతే ఏమవుతుంది? నాకు భయం వేసింది. తెల్లగా గీకేసిన ముఖంతో, తలమీద క్లిప్పుతో, నేను ఆయనకి ఎలా కనిపిస్తున్నానో అనుకున్నాను. ఆయన నన్ను చూడనేలేదు. కళ్ళు మూసుకున్నారు. ముక్క నోట్లో కరుగుతోంది. దవడ నెమ్మదిగా కదిలింది, తరవాత ఆగిపోయింది.

కళ్ళు తెరిచి, ఎర్ర రంగు గొట్టం మూత తీశారు.

ఆ తరవాత జరిగింది నాకు వరసగా గుర్తు లేదు. చలిజ్వరం వచ్చి, తగ్గి, గంధం పూసినట్టు అయింది. నడిబొడ్డున ఎరుపు, దాని చుట్టూ నారింజ, అంచుల మీద నిమ్మపండు పసుపు. అది బెల్లం రంగు కాదు. బెల్లం నాలుక మీద పెట్టగానే లోపల ఎక్కడో వెలిగేదానికి ఒక రంగుంటే, అది. నీడ దగ్గరికొచ్చి ఆయన చెయ్యి అలవాటుగా నలుపు మీదికి వెళ్ళింది. ఆగింది. నీలం తీసుకుంది. నీలం పక్కన పడగానే నారింజ మండినట్టు అయి, ఆయనే ఉలిక్కిపడి కుర్చీ వెనక్కి జరుపుకున్నారు. ఆ నీలం వరహాలమ్మ బజారుకి కట్టుకెళ్ళే ముతక చీరది. దానిలో కొంచెం వంగపండు రంగు కలిపారు. వంకాయ రంగు నీడకి వెళ్ళిపోయింది కనుక వంకాయకి పసుపే మిగిలింది. గ్లాసు పక్కనున్న బెల్లాన్ని చూసి గులాబీ రంగు తిరిగింది. ఎడమ చేత్తో నా అంచు పట్టుకుని, కుడి చేత్తో వేస్తూ, ఆయన మధ్యాహ్నం భోజనం సంగతి మరిచిపోయారు. ఆయన మరిచిపోయినా సన్యాసమ్మ మరవదు. వచ్చి చూసింది.

"ఒలమ్మో! వంకాయికి కామెర్లొచ్చాయేట్రా?"

"చూడప్పా, ఎలా ఉంది?"

"ఈ గుండ్రంది ఏటి, సూరీడా?"

"బెల్లం."

ఆవిడ ఇంకేదో అనబోయి నీడ వైపు చూసింది. ఆ నీలాన్ని గుర్తుపట్టినట్టుంది. "అన్నానికి రా" అని మాత్రం అంది.

మర్నాడు పెంటయ్య పాల కేను దింపి, తల అటూ ఇటూ తిప్పాడు. "ఇదేటో తెలీలేదు మాస్టారూ. కానీ నోరూరతంది."

అయినా మాస్టారు సంతోషపడలేదు. సంతోషపడడానికి ఆయన దగ్గర సూత్రం లేదు. నన్ను వెనక్కి తిప్పి, లోవకుమారి చెక్కిన తేదీల మీద, ఎర్ర పెన్సిలుతో అలవాటు ప్రకారం రాశారు: "రంగు తప్పు. రెండు మార్కులు కోత." ఆ పిల్లకి కోసినట్టే తనకీ కోసుకున్నారు. నిజాయితీ ఉన్న మనిషి. తరవాత మూడు రోజులు నన్ను ఫోటో కింద బల్ల మీద గోడకి ఆనించి, ఎదురుగా కూర్చున్నారు. చీమ వస్తుందేమోనని.

రాలేదు. ఎలా వస్తుంది? నాలుగు కాళ్ళ చుట్టూ గుండ్రాలున్నాయి. ఆ సంగతి ఆయనకి తోచలేదు. తన బొమ్మనే అనుమానించారు. "ఆవిడ ఉంటే ఒప్పుకునేది కాదు" అన్నారు, ఎవరితోనో కాదు, బల్లతో. లోపల కూరగాయలు తరుగుతున్న సన్యాసమ్మ కత్తిపీట చప్పుడు ఒక్క క్షణం ఆగి, మళ్ళీ మొదలైంది.

సంవత్సరీకం రోజు తెల్లవారింది. మాస్టారు నూతి దగ్గర స్నానం చేస్తున్నారు. సన్యాసమ్మ తడిగుడ్డతో వచ్చి ఫోటో తుడిచింది, బల్ల తుడిచింది, నన్ను తుడవడానికి వంగింది. అప్పుడు ఆవిడ కళ్ళద్దాలు నా ఎడమ అంచు దగ్గర ఆగిపోయాయి. అక్కడ ఒక బొటనవేలి ముద్ర ఉంది. జిగురుగా, బెల్లంతో, ఏ పోలీసుకీ అంత చక్కగా దొరకనంత స్పష్టంగా. మూడు వారాలుగా ఆవిడ వెతుకుతున్న సాక్ష్యం.

ఇప్పుడు పిడుగు పడుతుంది అనుకున్నాను. ఆవిడ నూతి వైపు చూసింది. ఫోటో వైపు చూసింది. తడిగుడ్డ చేతిలోనే ఉంది. తరవాత, ఒక చేత్తో బల్ల పట్టుకుని, మోకాళ్ళు కటకటమంటుంటే కష్టపడి నేలకి వంగి, గోడ పక్కన ఉన్న బల్ల కాలి చుట్టూ గుండ్రాన్ని తుడిచేసింది. ఆవిడకి అలా వంగడం తేలిక కాదు. లేచి నిలబడడానికి రెండుసార్లు ప్రయత్నించాల్సి వచ్చింది. వంటింట్లోకి వెళ్ళిపోయింది.

కార్యక్రమం అయ్యేసరికి పదిన్నర. భోజనాలకి ఆకులు వేస్తున్నారు. మాస్టారు ఫోటో ముందు దీపం సర్దుతూ, అలాగే ఉండిపోయారు. ఒక చీమ బల్ల కాలు మీదుగా వచ్చి, నా అంచు ఎక్కి, బొటనవేలి ముద్ర దగ్గర కాసేపు ఆగి, అక్కడితో తృప్తిపడక లోపలికి నడిచింది. నిమ్మపండు పసుపు దాటింది. నారింజలోకి దిగింది. నూనె రంగు ఇంకా ఆరలేదు కాబట్టి అక్కడే కాళ్ళు అతుక్కుపోయాయి. దాని వెనక ఇంకోటి. దాని వెనక ఒక వరస.

మాస్టారు నేల మీద కూర్చుండిపోయారు.

"అప్పా."

"ఏటి?"

"చీమలు."

సన్యాసమ్మ చేతులు కొంగుకి తుడుచుకుంటూ వచ్చి, కళ్ళద్దాలు సర్దుకుని, నాలోకి తొంగి చూసింది. ఆవిడ ముఖం చూసి నాకే నమ్మాలనిపించింది.

"పట్టవేటి మరి? బెల్లానికి పట్టక, సీమలు ఇటిక్కి పడతాయేట్రా?"

మాస్టారు నవ్వబోయారు. అది నవ్వుగా పూర్తి కాలేదు. కళ్ళద్దాలు తీసి పంచె అంచుతో తుడుచుకున్నారు. "టర్పెంటైన్ ఘాటు" అన్నారు. బొమ్మలో టర్పెంటైన్ ఎప్పుడో ఎగిరిపోయింది. ఉన్న ఘాటల్లా ఆయన పక్కన నిలబడిన అక్క మోకాళ్ళది. "అవును, ఘాటే" అంది ఆవిడ కూడా, కొంగుతో ముక్కు తుడుచుకుని.

ఆ సాయంత్రం ఆయన నన్ను వెనక్కి తిప్పి, "రంగు తప్పు" అన్న మాటను, దాని పక్కన కోతను, అడ్డంగా కొట్టేశారు. తనకి మార్కులు వేసుకోలేదు. వేయాల్సిన మనిషి వేసేసిందని కాబోలు. కింద ఇంకో వరుస రాశారు: "లోవకుమారి, బాదం ఆకు. రెండు మార్కులు కలపాలి." ఆ పిల్ల ఇప్పుడెక్కడుందో, కలిపిన సంగతి ఆమెకి ఎలా తెలుస్తుందో నాకు తెలియదు.

"ఇంక బెల్లం ఈ గుమ్మం తొక్కదు" అంది సన్యాసమ్మ, పెన్సిలు పక్కన పెట్టాక.

"సరే అప్పా."

"ఆ వాసన నూనె మాత్రం ఇంకో సీసా తెప్పించు."

"బొమ్మలకేనా?"

"బొమ్మలకి కాపోతే నాకేటి?"

ఇప్పుడు నేను ఫోటో పక్కన మేకుకి, నా క్లిప్పుతోనే వేలాడుతున్నాను. రంగు ఆరిపోయింది. నారింజ మధ్యలో ఆ మొదటి చీమ అలాగే ఉంది. వచ్చినవాళ్ళందరూ దాన్ని వేలితో తోసెయ్యబోతారు. "ఉండనీండి, అది పరీక్షాధికారి" అంటారు మాస్టారు. వాళ్ళు ఆయన వైపు జాలిగా చూస్తారు.

ప్రతి ఆదివారం ఆయన పొడిగుడ్డతో నన్ను తుడుస్తారు. క్లిప్పు తుడుస్తారు, మూడు అంచులు తుడుస్తారు. ఎడమ అంచు దగ్గరికి వచ్చేసరికి గుడ్డ ఆగి, ఆ బొటనవేలి ముద్ర చుట్టూ తిరిగి వెళ్ళిపోతుంది. ముప్పై రెండేళ్ళు పరీక్ష హాళ్ళలో కాపలా కాసిన కళ్ళు అవి. సన్యాసమ్మ కూరగాయలు తరుగుతూ ఆయన్ని చూస్తుంది. ఆయన ఆవిణ్ణి చూడరు.

కాపీ పట్టుబడ్డ అట్టగా నేను ఈ ఇంటికి వచ్చాను. మళ్ళీ ఇన్నేళ్ళకి నా మీద ఇంకో పరీక్ష జరిగింది. కాపలా మనిషే వంగి గీత తుడిచింది. నేను పక్కనే ఉండి అంతా చూశాను. మాస్టారు గానీ, చీమలు గానీ, ఆ ఫోటోలోని మనిషి గానీ నన్ను ఇప్పటిదాకా ఏమీ అడగలేదు. అడిగితే, ఆనాడు పరీక్ష హాల్లోలాగే, ఉక్కగా ఉందని విసురుకున్నారని చెబుతాను.